ఆవు బొమ్మ దోసకాయలు

బుధవారం ఉదయం ఏడున్నరకు టోకు కూరగాయల మార్కెట్‌లో సరుకుల లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల మనుషులెవరూ లేరు. దోసకాయల పెట్టెలున్నాయి.

లిఫ్టు ఇంజనీరు ఎనిమిదింటికి వచ్చాడు. తలుపు సందులో పెట్టె తాలూకు చెక్కపేడు ఇరుక్కుని ఉంది. దాన్ని లాగేసి, స్విచ్ సరిచేసి, లిఫ్టుని కిందికి దింపి తలుపు తీశాడు. అక్కడితో పని అయిపోయింది. సంచి భుజాన వేసుకుని వెళ్లాల్సిన మనిషి, పెట్టెల్లోకి చూస్తూ నిలబడిపోయాడు.

అతను ఉద్యోగానికని వచ్చిన ఆ దేశంలో దొరికేది కీరదోస. ఆకుపచ్చగా, సన్నగా, గీత గీసినట్టు ఉంటుంది. కోసుకుని పచ్చిగా తింటారు. మన దోసకాయ కోసం అతను ఆరేళ్లుగా ఎక్కని కొట్టు లేదు. డబ్బాల్లో దొరికింది, పొడిగా దొరికింది, ఒకచోట బొమ్మగా కూడా దొరికింది, కాయగా దొరకలేదు. ఈ పెట్టెల్లో ఉన్నవి పసుపుపచ్చవి. పొట్టలు ఉబ్బి ఉన్నాయి. తోలు మందం.

వైర్లు కోసే చాకుతో ఒక కాయ కొసన చిన్న ముక్క కోసి నాలుక మీద పెట్టుకున్నాడు. మన ఇళ్లలో దోసకాయ తరిగేవాళ్లెవరైనా ముందు చేసే పని అదే. చేదు లేదు. వెనకనుంచి కాస్త పులుపు తగిలింది. ఇంకో ముక్క కోసుకున్నాడు.

వాటి యజమానురాలు రబ్బరు బూట్లతో వచ్చింది. ఊరి బయట గాజు షెడ్లలో కీరదోస పండించే రైతు. ఆకుల చాటున ఎవరికీ కనపడకుండా ఉండిపోయిన కాయలు ముదిరి ఇలా పండిపోతాయనీ, కొట్లవాళ్లు ముట్టుకోరనీ, పాడి పశువులున్న ఆసామి వారానికోసారి లారీలో పట్టుకెళతాడనీ చెప్పింది. ఆ మాట ప్రతి పెట్టె మీదా ఉంది. ఆవు తల బొమ్మ, కింద ఆ దేశపు లిపిలో రెండు ముక్కలు: పశువులకు మాత్రమే.

నాలుగు కాయలు ఇస్తారా అని అతను అడిగాడు.

"మీకెన్ని ఆవులున్నాయి?" అంది ఆవిడ.

కడుపు నింపుకోవడానికి పశువుల మేత అడుగుతున్నానని చెప్పాలంటే సిగ్గు వదలాలి. అతనికి వదల్లేదు. "రెండు" అన్నాడు. మొగుడూ పెళ్లాం కలిపి రెండు అన్న లెక్కతో ఊడిపడిందో, ఒకటంటే మరీ లేమిగా ఉంటుందనో, అతనికే తెలీదు. రెండావులున్న లిఫ్టు మెకానిక్కుని చూసి ఆవిడ ముచ్చటపడి ఒక పెట్టె మొత్తం ఇచ్చేసింది. డబ్బు పుచ్చుకోలేదు.

ఇంటికెళ్లే దారిలో పెట్రోలు బంకు దగ్గర వ్యాను ఆపి, ఆవు బొమ్మ స్టిక్కరుని గోటితో గీకి చెత్తబుట్టలో వేశాడు.

ఇక్కడ ప్లేట్ల సంగతి చెప్పాలి. ఆ ఊళ్లో మనవాళ్లు పాతిక ముప్ఫై ఇళ్లున్నారు. నెలకోసారి అద్దె హాల్లో అందరూ కలిసి భోంచేస్తారు. ప్రతి ఇంటివాళ్లూ ఒక వంటకం తేవాలి. ఎవరు ఏది తేవాలో ఒక కంపెనీ మేనేజరుగారి భార్య చెబుతుంది. ఆవిడని అందరూ పెద్దక్క అంటారు, ఆవిడకన్నా పెద్దవాళ్లతో సహా. లిఫ్టు ఇంజనీరు భార్య ఊళ్లో దిగిన మొదటి నెలలో, కరెంటు పొయ్యి మీద చెయ్యి తిరగక, సాంబారు మాడ్చింది. పెద్దక్క ఆ సాంబారుని ఒక్క మాట అనలేదు. మర్నెల్లో మాత్రం ఫోన్ చేసి, "నీకెందుకమ్మాయ్ శ్రమ? నువ్వు ప్లేట్లూ గ్లాసులూ తెచ్చెయ్" అంది.

ఆరేళ్లయింది. పొయ్యి ఎప్పుడో అలవాటైపోయింది. ప్లేట్లు మాత్రం మారలేదు. భోజనాలయ్యాక అందరూ తమ గిన్నెలు వెతుక్కుంటారు, అడుగున మిగిలింది చూసుకుంటారు, ఏమీ మిగలకపోతే పైకి విసుక్కుని లోపల పొంగిపోతారు. అతని భార్య చెత్తసంచి మూతి కట్టి బయట పడేసి వస్తుంది. ఇంటికొచ్చే దారిలో మూడో సిగ్నల్ దాకా మాట్లాడదు. మూడో సిగ్నల్ దగ్గర, ఎవరి వంటలో ఉప్పెక్కువైందో చెబుతుంది. అతనికి ఆ మూడు సిగ్నళ్లూ ముళ్ల మీద కూర్చున్నట్టుండేది.

ఆ బుధవారం పెట్టె తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. ఆవిడ ఒక కాయ చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. చెక్కు తీయకుండానే చివర కోసి రుచి చూసింది. ఎక్కడివని అడిగింది.

దారి పొడుగునా తయారుచేసుకున్న జవాబు అతని దగ్గరుంది. ఒక రైతు పండిస్తోందన్నాడు. విత్తనాలు మన వైపు నుంచే తెప్పించిందట అన్నాడు. మరీ పచ్చి అబద్ధంగా ఉంటుందని, "అనుకుంటా" అని చివర్న కలిపాడు.

ఆ నెల హాలుకి ఆవిడ ప్లేట్లతోపాటు మూతపెట్టిన రెండు గిన్నెలు పట్టుకెళ్లింది. దోసకాయ పప్పు, దోసకాయ పచ్చడి. బల్ల చివర, మంచినీళ్ల సీసాల పక్కన పెట్టింది. మూత ఎవరో తీశారు. పావుగంటలో బల్ల చివర వరస కట్టారు. మాటల్లేకుండా తినే ఒక రిటైర్డు మాస్టారు మూడోసారి వచ్చి, గిన్నెలో అడుగంటిన పచ్చడిని అన్నం ముద్దతో తుడుచుకుని తిన్నాడు. పెద్దక్క ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచి, "పోపు ఇంకాస్త పడాలి" అంది. మళ్లీ వడ్డించుకుంది.

ఇంటికొచ్చేటప్పుడు అతని భార్య మొదటి సిగ్నల్ రాకముందే మాట్లాడింది. ఇల్లు చేరేదాకా ఆపలేదు.

తర్వాతి నెలలో ఏడాదికోసారి జరిగే పెద్ద భోజనాల ముచ్చట వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా వస్తారు, నూరు మందికి తక్కువుండరు. పప్పూ పచ్చడీ పులుసూ ఎప్పుడూ పెద్దక్కవే. ఈసారి పెద్దక్క నలుగురిలో, "అవన్నీ మా అమ్మాయే చూసుకుంటుంది" అని లిఫ్టు ఇంజనీరు భార్య భుజమ్మీద చెయ్యి వేసింది. ఆరేళ్లలో ఆ చెయ్యి ఆ భుజమ్మీద పడటం అదే మొదలు. ప్లేట్లు తెచ్చే పని కొత్తగా వచ్చిన ఒక జంటకి అప్పగించారు.

అతను వారం వారం మార్కెట్‌కి వెళుతున్నాడు. రైతు వారం వారం ఆవుల క్షేమం అడుగుతోంది. ఆవిడ మనసున్న మనిషి, అడిగితే పైపైన అడగదు. పాలెన్ని ఇస్తున్నాయంది. సరిపడా అన్నాడు. రెండింట్లో మేత ఎక్కువ తినేది ఏదంది. చిన్నది అన్నాడు. ముదురు గింజలు ఎక్కువైతే పొట్ట పాడవుతుంది, కాస్త తీసేసి పెట్టమని సలహా ఇచ్చింది. అతను ఇంటికొచ్చి, గింజలు కొన్ని తీసేసి వండమని రైతు చెప్పిందన్నాడు. భార్య అలాగే వండింది. పచ్చడి ఇంకా బాగా కుదిరిందని అందరూ అన్నారు.

అంతటితో పోయుంటే ఎవరి ఆవులు వాళ్ల దగ్గరుండేవి. పెద్దక్కకి ఒక బుద్ధి పుట్టింది. నూరు మందికి వండే కాయలు ఒకరి చేతుల మీదుగా రావడమేమిటి, అందరం వెళ్లి ఆ రైతుని పలకరించి, మనమే ఏరుకుని తెచ్చుకుందాం అంది. ఆవిడకి బుద్ధి పుడితే దాని వెనకే మినీ బస్సు పుడుతుంది.

లిఫ్టు ఇంజనీరు చేతనైనంత చేశాడు. అది టోకు మార్కెట్టు, బయటివాళ్లని రానివ్వరన్నాడు. ఫోన్ చేసి కనుక్కున్నాం, రానిస్తారట అన్నారు. పొద్దున్నే వెళ్లాలన్నాడు. మాకేం నిద్రమొహాలా అన్నారు. ఆఖరికి, లిఫ్టు సరిగ్గా పనిచెయ్యడం లేదన్నాడు.

"అయితే మరీ మంచిది, తమ్ముడూ. నువ్వు పక్కనే ఉంటావుగా" అంది పెద్దక్క.

శనివారం పొద్దున బస్సులో పదహారుమంది ఆడవాళ్లు, మాస్టారు, లిఫ్టు ఇంజనీరు. కుడితిలో పడ్డ ఎలుకలాగా అతను డ్రైవరు పక్కన కూర్చున్నాడు. ధైర్యం చెప్పుకోవడానికి ఒక్కటే ఉంది. అక్కడి భాష ఆ బస్సెక్కిన మనవాళ్లలో అతనికి తప్ప ఎవరికీ రాదు. మిగతావాళ్ల మొగుళ్లవి ఇంగ్లీషు ఆఫీసులు, వాళ్లవి ఇంగ్లీషు కొట్లు. అతనిది మెకానిక్కులతో పని కనక నేర్చుకోక తప్పలేదు. అతని భార్య ఏడాదిగా సాయంత్రం క్లాసుకి వెళుతోంది గానీ, ఇంట్లో ఎప్పుడూ ఒక ముక్క మాట్లాడింది లేదు.

రైతు లిఫ్టు దగ్గర పెట్టెలు దింపిస్తోంది. చీరలూ కోట్లూ కలిసి ఒక గుంపుగా రావడం చూసి బూట్లు తుడుచుకుంది.

"వీళ్లందరికీ ఆవులున్నాయా?" అని అడిగింది.

అతను అవునన్నాడు. ఇంత దూరం వచ్చాక కాదనడానికి దారి లేదు.

"ఏమంటోంది?" అంది పెద్దక్క.

"మీరంతా రావడం సంతోషంగా ఉందంటోంది."

"చిన్నది ఇంకా అంతే తింటోందా?" అంది రైతు.

తింటోందన్నాడు. ఎండ బాగుందంటోందని పెద్దక్కకి చెప్పాడు. మార్కెట్‌కి పైకప్పు ఉంది. పెద్దక్క పైకి ఓసారి చూసి ఊరుకుంది.

ఈలోగా ఆడవాళ్లు పెట్టెల మీదికి వంగారు. సంచుల్లోంచి చాకులు బయటికొచ్చాయి. ప్రతి కాయకీ కొస తెగింది, ప్రతి కొసా నోట్లోకి వెళ్లింది. చేదున్నవి పక్కకి, లేనివి సంచిలోకి. మాస్టారు చాకు తెచ్చుకోలేదు, కొరికి చూస్తున్నాడు. పశువుల మేతని పదిహేడుమంది పెద్దమనుషులు ఒక్కొక్కటే రుచి చూడటం రైతు నోరు తెరుచుకుని చూసింది. ఏం చేస్తున్నారని అడిగింది.

లిఫ్టు ఇంజనీరు ఒక క్షణం పెట్టెల వైపు చూశాడు. "మా వైపు అంతే. మేం రుచి చూడకుండా ఆవులకి పెట్టం" అన్నాడు.

రైతు చేతులు కడుక్కుని వచ్చి, పెద్దక్క చేతిని రెండు చేతుల్తో పట్టుకుని ఊపింది. పశువుల్ని ఇంత ప్రేమగా చూసుకునే మనుషుల్ని తన జన్మలో చూడలేదంది. పెద్దక్క కూడా ఆ చేతిని ఊపింది. ఏమందని అడిగింది.

"మీలాంటివాళ్లని చూడలేదంటోంది."

ఆ ముక్క వరకూ అతను కల్పించిందేమీ లేదు.

అప్పుడు మాస్టారు, కొరికిన కాయ చేత్తో పట్టుకునే, పెట్టె పక్కకి వంగాడు. "ఈ ఆవు బొమ్మేమిటి?" అన్నాడు.

ఒకావిడ కంపెనీ గుర్తై ఉంటుందంది. ఇంకొకావిడ పేడ ఎరువుతో పండించారని అర్థమంది, అందుకే రుచి అంది. కింద ఏదో రాసుందని మాస్టారు అన్నాడు. అందరూ లిఫ్టు ఇంజనీరు వైపు తిరిగారు. అతని నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. ఏదో ఒకటి అనేవాడే, పెద్దక్క అననివ్వలేదు.

"అతన్ని ఎన్నని అడుగుతాం? అమ్మాయ్, నువ్వు ఏడాదై క్లాసుకి వెళుతున్నావుగా. ఏం నేర్చుకున్నావో చూద్దాం, చదువు."

వెటకారమో పరీక్షో ఆవిడకే తెలియాలి. అతని భార్య చాకు తుడిచి సంచిలో పెట్టుకుంది. పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని మొదటి ముక్క చదివింది. తప్పు లేదు. రెండో ముక్క చదివింది. అదీ తప్పు లేదు. రైతు మెచ్చుకోలుగా తలూపింది. లిఫ్టు ఇంజనీరు పైనున్న లిఫ్టు తాళ్ల వైపు చూస్తున్నాడు.

"అంటే ఏమిటి?" అంది పెద్దక్క.

అతని భార్య పెట్టె చూసింది, సంచుల నిండా ఉన్న కాయలు చూసింది, తన భుజమ్మీద వాలిన పెద్దక్క చెయ్యి చూసింది. మొగుణ్ని చూడలేదు.

"'ముందు గోవుకి' అని ఉంది" అంది.



"గోగ్రాసం" అన్నాడు మాస్టారు. కొరికిన కాయ కింద పెట్టేశాడు. "మనం మానేశాం. వీళ్లు ఆవుకి పెట్టాకే అమ్ముతున్నారు."

ఇద్దరు ముగ్గురు బొమ్మని తాకి కళ్లకద్దుకున్నారు. రైతుకి ఇదంతా అర్థమైనంత వరకు అర్థమైంది. ఇలాంటి మనుషులకి ఆకుల చాటువి ఇవ్వడం బాగుండదనుకుందేమో, పైనుంచి మంచి పెట్టెలు నాలుగు తెప్పించింది. అవి తన ఇంటికోసమని ఏరి పెట్టుకున్న కాయలు. బొమ్మ లేదు. ఆడవాళ్లు వాటిని చూసి తలలు అడ్డంగా ఊపారు. ఆవు బొమ్మ లేనివి మాకొద్దని చెప్పమన్నారు. అతను చెప్పాడు, ఆ ఒక్కటీ ఉన్నదున్నట్టుగా. రైతు కళ్లు తుడుచుకుని, జేబులోంచి స్టిక్కర్ల చుట్ట తీసి ఆ నాలుగింటికీ అంటించింది. అప్పుడు తీసుకున్నారు.

బస్సులో తిరిగొస్తూ పెద్దక్క అతని భార్యని పక్కన కూర్చోబెట్టుకుంది. క్లాసు ఎక్కడ, ఫీజెంత, తనలాంటివాళ్లకి వస్తుందా అని అడిగింది.

ఇంటికొచ్చాక ఇద్దరూ బల్ల దగ్గర కూర్చుని కాయలు చెక్కు తీస్తున్నారు. అతను తలెత్తలేదు. తేలు కుట్టిన దొంగలాగా చెక్కు మీదే చూపు పెట్టాడు. రెండో కాయ అయ్యాక ఆవిడ అడిగింది.

"ఇంతకీ మన ఆవులెలా ఉన్నాయి?"

అతని చాకు ఆగింది.

పశువుల పాఠం పోయిన నెలే అయిందని ఆవిడ చెప్పింది. ఆవు, గేదె, మేత, పాలు, అన్నీ వచ్చాయంది. ఆ రెండింట్లో తను పెద్దదా చిన్నదా అని అడిగింది.

"చిన్నది" అన్నాడు, చిన్నగా.

"ఎక్కువ తినేది చిన్నదే అన్నారుగా."

అతను చెప్పగలిగింది చెప్పాడు. మొదటి రోజు సిగ్గుపడి ఆడిన మాట, రెండోసారి దాన్ని నిలబెట్టడానికి ఇంకోటి, ఆ తర్వాత అన్నీ వాటంతటవే వచ్చాయన్నాడు. బొమ్మ గీకేసిన సంగతి కూడా చెప్పాడు. తనకెందుకు చెప్పలేదని ఆవిడ అడిగింది.

"చెబితే వండేదానివా?"

ఆవిడ ఆలోచించింది. "వండేదాన్ని కాదు" అంది. "మళ్లీ ప్లేట్లు కొనేదాన్ని." ఇంకో కాయ కొస కోసి నాలుక మీద పెట్టుకుంది. "కాయలో ఏ తప్పూ లేదు. రాత తప్పు. అది నేను దిద్దేశాను. మీరిక నోరు మూసుకుని చెక్కు తీయండి."

పెద్ద భోజనాలనాడు నూట పదిమంది వచ్చారు. పప్పూ పచ్చడీ ముక్కల పులుసూ బల్ల మధ్యలో పెట్టారు. మాస్టారు లేచి, ఆ దోసకాయల కథ అందరికీ చెప్పాడు. పరాయి దేశపు రైతు మన ఆచారం పాటిస్తుంటే మనకేం రోగమన్నాడు. వడ్డనకి ముందు మూడింట్లోంచీ తలో గరిటె, అన్నంతో కలిపి ఒక స్టీలు డబ్బాలోకి తీయించాడు. అంతా చప్పట్లు కొట్టారు. వడ్డన మొదలైంది. గిన్నెలు మూడూ ఖాళీ అయ్యాయి. లిఫ్టు ఇంజనీరు వంతు వచ్చేసరికి పులుసులో ముక్కల్లేవు. అతని భార్య తన గిన్నెల అడుగులు చూసుకుని, మిగల్లేదని పైకి విసుక్కుంది.

పెద్దక్క డబ్బా తెచ్చి అతని చేతిలో పెట్టింది. "ఆ రైతు ఆవులు నీకు తెలుసుగా తమ్ముడూ. నీ చేత్తో పెట్టించు."

బుధవారం అతను డబ్బాతో మార్కెట్‌కి వెళ్లాడు. వెళ్లకుండా ఉండొచ్చు. ఎలా తిన్నాయో వచ్చి చెప్పమని మాస్టారు రెండుసార్లు ఫోన్ చేశాడు, అతనికి ఇంకో అబద్ధం ఆడే ఓపిక లేదు. మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉన్నా డబ్బాలోది పాడవలేదు. పాడి ఆసామి లారీ దగ్గర ఉన్నాడు. ఇది మీ ఆవులకి, మా ఇంటావిడ వండిందని ఇంజనీరు చెప్పాడు.

ఆసామి మూత తీసి వాసన చూశాడు. ఆవుల కోసం వండారా అని మళ్లీ అడిగాడు. అవునన్నాక, రైతు చెప్పింది మీ గురించేనా అన్నాడు. వేలితో కాస్త తీసుకుని నాలుక మీద పెట్టుకున్నాడు. డబ్బాతో లారీ ముందు సీట్లోకి ఎక్కి తలుపు వేసుకున్నాడు.

కాసేపటికి దిగి వచ్చి, డబ్బాని మార్కెట్ కుళాయి కింద కడిగి ఇచ్చాడు. ఆవిడ మళ్లీ ఎప్పుడు వండుతుందని అడిగాడు.